ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయం వరకు: టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ ప్రస్థానం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పేద విద్యార్థుల ఉన్నత విద్యకు ప్రభుత్వ సహాయాన్ని విస్తృతపరచిన ఉన్నత విద్యా చట్టంపై 1965 నవంబరు 8న అధ్యక్షుడు లిండన్ బి. జాన్సన్ సంతకం చేశారు. ఈ కార్యక్రమానికి వేదిక రాజధాని వాషింగ్టన్ కాదు. టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ మార్కస్ పట్టణంలో ఒక కళాశాల వ్యాయామశాల. అది జాన్సన్ చదువుకున్న కళాశాల. పల్లె బడులకు ఉపాధ్యాయులను తయారుచేయడానికి 1899లో శాసనం ద్వారా ఏర్పడిన ఆ సంస్థయే నేటి టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ.

ఉపాధ్యాయ శిక్షణతో ప్రారంభమై పూర్తిస్థాయి విశ్వవిద్యాలయాలుగా ఎదిగిన ప్రభుత్వ సంస్థలు అమెరికాలో అనేకం ఉన్నాయి. వాటిలో శాన్ మార్కస్ సంస్థ చరిత్రకు ఒక ప్రత్యేకత ఉంది. చదువుకు స్తోమత లేని యువకుడొకరు ఇక్కడ పనిచేస్తూ చదివి, ఉపాధ్యాయుడై, పేద పిల్లల బడిలో పాఠాలు చెప్పి, ఆ అనుభవాన్ని దరిమిలా దేశ శాసనంగా మలచారు. అదే కాలంలో ఈ సంస్థ ద్వారాలు నల్లజాతి విద్యార్థులకు మూసి ఉండటం ఈ చరిత్రలోని మరొక పార్శ్వం.

నార్మల్ స్కూళ్ల నేపథ్యం

ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలను 19వ శతాబ్దిలో ‘నార్మల్ స్కూళ్లు’ అని వ్యవహరించేవారు. ఈ పేరు ఫ్రెంచి భాష నుంచి వచ్చింది. బోధనకు ప్రమాణాన్ని నిర్దేశించే పాఠశాల అన్నది దాని భావం. పాఠ్యాంశాలలో పరిజ్ఞానంతోపాటు పాఠం చెప్పే పద్ధతిని కూడా నేర్పించడం, అనుబంధ బడిలో నిజమైన పిల్లల ఎదుట బోధన అభ్యాసం చేయించడం ఈ పాఠశాలల విధానం.

అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన తొలి నార్మల్ స్కూలు 1839లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ముగ్గురు విద్యార్థినులతో ప్రారంభమైంది. విద్యాసంస్కర్త హొరేస్ మన్ దీనికి ప్రధాన ప్రోత్సాహకులు. ఆ పాఠశాలయే నేటి ఫ్రేమింగ్‌హామ్ స్టేట్ యూనివర్సిటీ. 1882లో తరగతులు ప్రారంభించిన లాస్ ఏంజెలెస్ నార్మల్ స్కూలు 1919లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భాగమై, కాలక్రమంలో యు.సి.ఎల్.ఎ.గా ప్రసిద్ధి చెందింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి సైతం 1885 నాటి నార్మల్ స్కూలే మూలం.

ఇదే పేరుతో, ఇదే ఉద్దేశంతో మన దేశంలోనూ పాఠశాలలు ఏర్పడ్డాయి. తెలుగు జిల్లాలు అంతర్భాగంగా ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1856లో ప్రభుత్వ నార్మల్ స్కూలు ప్రారంభమైంది. అనంతర కాలంలో అది సైదాపేట ఉపాధ్యాయ కళాశాలగా పేరుపొందింది. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ తమ ఉద్యోగ జీవితపు తొలి రోజులలో, 1910లో, అక్కడే ఉపాధ్యాయ శిక్షణ పొందారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5ను 1962 నుంచి దేశమంతటా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

పట్టణం ఇచ్చిన కొండ

టెక్సాస్‌లో రాష్ట్ర ప్రభుత్వ నార్మల్ శిక్షణ 1879లో మొదలైంది. శ్వేతజాతి ఉపాధ్యాయుల కోసం హంట్స్‌విల్‌లో శామ్ హ్యూస్టన్ నార్మల్ ఇన్‌స్టిట్యూట్, నల్లజాతి ఉపాధ్యాయుల కోసం ప్రెయిరీ వ్యూలో వేరొక సంస్థ ఏర్పడ్డాయి. విశాలమైన ఆ రాష్ట్రంలో పెరుగుతున్న బడుల సంఖ్యకు ఈ రెండూ చాలలేదు. దక్షిణ, మధ్య ప్రాంతాల పల్లెలకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు లభించడం కష్టంగా ఉండేది.

ఈ కొరత తీర్చడానికి శాన్ మార్కస్‌లో నార్మల్ స్కూలు నెలకొల్పాలని కోరుతూ శాసనసభ్యుడు ఫ్రెడ్ కాక్ 1899లో బిల్లును ప్రవేశపెట్టారు. గవర్నరు జోసెఫ్ డి. సేయర్స్ అదే సంవత్సరం మే నెలలో దానిపై సంతకం చేశారు. శాసనం ఏర్పడినా స్థలాన్ని సమకూర్చే బాధ్యత పట్టణంపైనే పడింది. షటాక్వా కొండగా పిలిచే 11 ఎకరాల స్థలాన్ని శాన్ మార్కస్ పట్టణం విరాళంగా ఇచ్చింది. ప్రజలకు విజ్ఞాన, సాంస్కృతిక ప్రసంగాలు ఏర్పాటుచేసే షటాక్వా సభలు అంతకుముందు ఆ కొండపై జరిగేవి. 1901లో శాసనసభ ఆ స్థలాన్ని స్వీకరించి, భవన నిర్మాణానికి 25 వేల డాలర్లు మంజూరు చేసింది.

సౌత్‌వెస్ట్ టెక్సాస్ స్టేట్ నార్మల్ స్కూలు పేరిట 1903 సెప్టెంబరు 9న 303 మంది విద్యార్థులతో తరగతులు ప్రారంభమయ్యాయి. టి.జి. హారిస్ తొలి అధిపతిగా బాధ్యతలు నిర్వహించారు. ఆనాడు కొండపై నిర్మించిన ఎర్రని పైకప్పు గల ప్రధాన భవనం ‘ఓల్డ్ మెయిన్’ నేటికీ నిలిచి ఉంది. 1983లో అది అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది.

ధ్రువపత్రం నుంచి పట్టా వరకు

తొలినాళ్లలో ఇక్కడ విశ్వవిద్యాలయ పట్టాలు ఇచ్చేవారు కాదు. మూడేళ్ల శిక్షణ పూర్తిచేసినవారికి జీవితకాలం చెల్లే బోధనా ధ్రువపత్రం లభించేది. అంతకంటె తక్కువ కాలం చదివినవారికి పరిమిత కాలం చెల్లే ధ్రువపత్రం ఇచ్చేవారు. రైతు కుటుంబాల పిల్లలకు ఈ ఏర్పాటు ఎంతో ఉపకరించింది. కొంతకాలం చదివి, ధ్రువపత్రంతో ఏదైనా పల్లె బడిలో పనిచేసి, కూడబెట్టిన జీతంతో తిరిగివచ్చి చదువు కొనసాగించే వీలు కలిగింది.

1911లో టెక్సాస్ శాసనసభ రాష్ట్రంలోని నార్మల్ స్కూళ్ల పాలనకు ప్రత్యేక మండలిని ఏర్పాటుచేసింది. నేటి టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ సిస్టమ్‌కు ఆ మండలియే మూలం. అదే సంవత్సరం సెసిల్ యూజీన్ ఎవాన్స్ శాన్ మార్కస్ సంస్థ అధిపతిగా నియమితులై, 1942 వరకు 31 సంవత్సరాలపాటు కొనసాగారు. శిక్షణ పాఠశాల డిగ్రీ కళాశాలగా రూపొందింది ఆయన హయాంలోనే.

పేర్ల మార్పులో ఈ పరిణామం స్పష్టంగా కనిపిస్తుంది. 1918లో నార్మల్ స్కూలు ‘నార్మల్ కాలేజీ’ అయింది. 1923లో ‘టీచర్స్ కాలేజీ’గా మారింది. 1930లలో స్నాతకోత్తర విద్య కూడా ప్రారంభమైంది. ఉన్నత పాఠశాలలు విస్తరించిన కొద్దీ ఉపాధ్యాయులకు పూర్తి డిగ్రీ అవసరమైంది. డిగ్రీ ఇవ్వాలంటే చరిత్ర, గణితం, విజ్ఞాన శాస్త్రాలలో పూర్తి విభాగాలు ఉండాలి. ఉపాధ్యాయుల కోసం ఏర్పడిన ఆ విభాగాలే అనంతరం ఇతర వృత్తులను కోరుకునే విద్యార్థులనూ ఆకర్షించాయి. అమెరికా అంతటా నార్మల్ స్కూళ్లు విశ్వవిద్యాలయాలుగా మారిన క్రమం స్థూలంగా ఇదే.

గ్యారేజీపై గదిలో విద్యార్థి

లిండన్ జాన్సన్ 1927లో ఈ కళాశాలలో చేరారు. ఆయన చదివిన జాన్సన్ సిటీ ఉన్నత పాఠశాలకు తగిన గుర్తింపు లేనందున, నేరుగా డిగ్రీ తరగతిలో ప్రవేశం లభించలేదు. అటువంటి గ్రామీణ విద్యార్థుల కోసం కళాశాలయే నడిపే సన్నాహక తరగతులలో ముందుగా ఉత్తీర్ణులు కావలసి వచ్చింది.

చదువుకు డబ్బు చాలక ఆయన అప్పు చేశారు. ప్రాంగణంలో ఊడ్చే పని మొదలుకొని మేజోళ్లు అమ్మడం వరకు పలు పనులు చేశారు. అనంతరం అధ్యక్షుడు ఎవాన్స్ కార్యాలయంలో సహాయకుడిగా పనిచేశారు. ఎవాన్స్ ఇంటి గ్యారేజీపై గల చిన్న గదిలో నివసించిన సంగతిని 1965 నాటి ప్రసంగంలో ఆయన స్వయంగా గుర్తుచేసుకున్నారు.

1928లో బోధనా ధ్రువపత్రం పొందిన జాన్సన్, చదువుకు ఏడాదిపాటు విరామం ఇచ్చి కొటులా పట్టణానికి వెళ్లారు. మెక్సికో సరిహద్దుకు చేరువలోని ఆ పట్టణంలో వెల్‌హౌసెన్ పాఠశాల మెక్సికన్ మూలాలు గల కుటుంబాల పిల్లలకు ప్రత్యేకించినది. నెలకు 125 డాలర్ల జీతంపై ఆయన అక్కడ ఉపాధ్యాయుడిగా, ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. పిల్లలలో పలువురు ఉదయం ఏమీ తినకుండానే బడికి వచ్చేవారు. ఆడుకోవడానికి బడిలో సామగ్రి లేకపోవడంతో తొలి జీతంలో కొంత వెచ్చించి ఆయన దానిని సమకూర్చారు. ఆంగ్ల సంభాషణ, వక్తృత్వం, అక్షరక్రమ పోటీలను నిర్వహించారు.

కొటులాలో సంపాదించిన సొమ్ముతో తిరిగివచ్చి 1930లో ఆయన పట్టభద్రులయ్యారు. హ్యూస్టన్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో కొంతకాలం బోధించిన అనంతరం రాజకీయ రంగంలో ప్రవేశించారు. 1935లో టెక్సాస్ రాష్ట్రానికి జాతీయ యువజన సంస్థ సంచాలకుడిగా నియమితులైనప్పుడు, కళాశాల విద్యార్థులకు పని కల్పించి చదువు కొనసాగేలా చూడటం ఆయన విధులలో ఒకటిగా ఉండేది.

మూసి ఉన్న తలుపు

టెక్సాస్‌లో నాటి వర్ణవివక్ష విధానం కారణంగా శాన్ మార్కస్ సంస్థ ఆరంభం నుంచి శ్వేతజాతి విద్యార్థులకే పరిమితమైంది. టెక్సాస్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో నల్లజాతి విద్యార్థికి ప్రవేశం కల్పించాలని అమెరికా సుప్రీంకోర్టు 1950లో తీర్పు ఇచ్చింది. పాఠశాలలలో జాతివారీ విభజన రాజ్యాంగ విరుద్ధమని 1954లో స్పష్టం చేసింది. ఆ తరువాత సైతం దాదాపు తొమ్మిదేళ్లపాటు ఇక్కడి నిబంధన మారలేదు.

1962లో డేనా జీన్ స్మిత్ అనే నల్లజాతి యువతి ప్రవేశానికి దరఖాస్తు చేసుకున్నారు. నాటి చట్ట నిబంధనలను కారణంగా చూపి కళాశాల దరఖాస్తును తిరస్కరించింది. ఆమె ఫెడరల్ కోర్టును ఆశ్రయించారు. 1963 ఫిబ్రవరిలో కోర్టు ఉత్తర్వు వెలువడిన వెంటనే ఆమెతో కలిపి అయిదుగురు నల్లజాతి విద్యార్థినులు ప్రవేశం పొందారు. సంస్థ తరగతులు ప్రారంభించి అప్పటికి 59 సంవత్సరాలు గడిచాయి. శాసనసభ మార్చని నిబంధనను ఒక విద్యార్థిని వేసిన దావా మార్చడం ఈ సంస్థ చరిత్రలో మరువరాని ఘట్టం.

వ్యాయామశాలలో సంతకం

1963 నవంబరులో అమెరికా అధ్యక్ష పదవి చేపట్టిన జాన్సన్, విద్యను తమ ప్రభుత్వ ప్రధాన కార్యక్రమాలలో ఒకటిగా ప్రకటించారు. 1965 ఏప్రిల్‌లో ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంపై సంతకాన్ని తాను బాల్యంలో చదివిన పల్లె బడి వద్ద చేశారు. ఆయన తొలి ఉపాధ్యాయిని కేట్ డెడ్రిక్ లోనీ ఆ సమయంలో ఆయన పక్కనే ఆసీనులయ్యారు. అదే ఏడాది నవంబరులో ఉన్నత విద్యా చట్టం కోసం శాన్ మార్కస్ వచ్చారు.

కొటులా బడిలోని పిల్లల ముఖాలను తాను ఎన్నటికీ మరువలేనని, పేదరికం వల్ల వారిలో దాదాపు ఎవరికీ కళాశాల విద్య అందదని ఆనాడే గ్రహించి బాధపడ్డానని ఆయన ఆ సభలో వివరించారు. కుటుంబం పేదదన్న కారణంగా ఏ విద్యార్థినీ ఏ కళాశాలా తిప్పిపంపే పరిస్థితి ఇకపై ఉండరాదన్నది ఈ శాసన లక్ష్యమని తెలిపారు. మూడేళ్ల క్రితం వరకు నల్లజాతి విద్యార్థులకు ప్రవేశమే లేని ప్రాంగణంలో ఈ మాటలు వినిపించడం గమనార్హం.

ఉన్నత విద్యా చట్టంలోని ముఖ్యాంశాలు:

- ఆర్థిక అవసరం గల విద్యార్థులకు తిరిగి చెల్లించనవసరం లేని ప్రభుత్వ సహాయ నిధులు
- విద్యా రుణాలకు ప్రభుత్వ హామీ, వడ్డీలో రాయితీ
- చదువుతూ పనిచేసే విద్యార్థుల కోసం 1964లో ప్రారంభమైన పథకం విస్తరణ
- వనరులు తక్కువగా గల కళాశాలలకు, గ్రంథాలయాలకు సహాయం
- పేద ప్రాంతాల బడులలో పనిచేసేందుకు జాతీయ ఉపాధ్యాయ దళం ఏర్పాటు

1972 సవరణలలో ఏర్పడిన ప్రాథమిక సహాయ నిధి పథకం 1980 నుంచి ‘పెల్ గ్రాంట్’ పేరుతో ప్రసిద్ధమైంది. ఈ చట్టాన్ని అమెరికా కాంగ్రెస్ పలుమార్లు పునరుద్ధరించింది. చివరి సమగ్ర పునరుద్ధరణ 2008లో జరిగింది. రుణాల భారం పెరగడంపై దరిమిలా విమర్శలు వచ్చినప్పటికీ, అమెరికాలో విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం అందించే సహాయానికి నేటికీ ఈ శాసనమే ఆధారం.

విశ్వవిద్యాలయంగా విస్తరణ

1959లో సంస్థ పేరు నుంచి ‘టీచర్స్’ అన్న పదం తొలగిపోయింది. ఉపాధ్యాయ శిక్షణ కొనసాగినా, వాణిజ్యం, శాస్త్రాలు, కళలు తదితర రంగాల విద్యార్థుల సంఖ్య పెరగడమే ఇందుకు కారణం. 1969లో విశ్వవిద్యాలయ హోదా లభించి ‘సౌత్‌వెస్ట్ టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ’ అయింది.

అదే సంవత్సరం నవంబరులో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ప్రాంగణంలో నిరసన తెలిపిన పదిమంది విద్యార్థులను సంస్థ సస్పెండ్ చేసింది. వారు కోర్టుకు వెళ్లినా సస్పెన్షన్ రద్దు కాలేదు. ఆ యుద్ధంలో అమెరికా ప్రమేయాన్ని విస్తృతపరచినది ఈ సంస్థ పూర్వ విద్యార్థి అయిన జాన్సన్ ప్రభుత్వమే.

పరిశోధన రంగంలో సంస్థ విస్తరణ 1990లలో వేగం అందుకుంది. తొలి డాక్టరేటు కోర్సు భూగోళ శాస్త్రంలో మొదలైంది. శాన్ మార్కస్ నది జన్మస్థానమైన ఊటలు, వాటి వెంబడి గల వినోద కేంద్రాన్ని 1994లో విశ్వవిద్యాలయం కొనుగోలు చేసింది. ఎడ్వర్డ్స్ భూగర్భ జలాశయం నుంచి ఉబికే ఆ ఊటల ప్రాంతం అనంతరం జలవనరుల అధ్యయనానికి, పర్యావరణ విద్యకు కేంద్రమైంది. ఆ నదిలో మాత్రమే సహజంగా పెరిగే టెక్సాస్ అడవి వరి మొక్క అంతరించే ప్రమాదం గల జాతుల జాబితాలో ఉంది.

2003లో పేరు ‘టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ-శాన్ మార్కస్’గా, 2013లో ‘టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ’గా మారింది. ఆస్టిన్ నగరానికి ఉత్తరాన గల రౌండ్ రాక్‌లోనూ విశ్వవిద్యాలయానికి ప్రాంగణం ఉంది. 2024 నాటికి మొత్తం విద్యార్థుల సంఖ్య 40 వేలు దాటింది.

విద్యార్థుల కూర్పులో వచ్చిన మార్పు ఇంతకంటె ప్రధానమైనది. 2010 దశకం ఆరంభంలో ఈ విశ్వవిద్యాలయం హిస్పానిక్ విద్యార్థులకు సేవలందించే సంస్థగా ఫెడరల్ గుర్తింపు పొందింది. డిగ్రీ విద్యార్థులలో కనీసం 25 శాతం ఆ వర్గానికి చెందినవారై ఉండటం ఈ గుర్తింపునకు ప్రధాన అర్హత. ఈ వర్గీకరణకు ఆధారం 1965 నాటి ఉన్నత విద్యా చట్టానికి తరువాత చేసిన సవరణలే. కళాశాల విద్య అందదని 1928లో యువ ఉపాధ్యాయుడు బాధపడిన కొటులా పిల్లల వంటి కుటుంబాల నుంచి వచ్చిన వేలాది విద్యార్థులు ఆయన చదివిన ప్రాంగణంలోనే నేడు చదువుతున్నారు.

పేరులో ‘టీచర్స్’ అన్న పదం తొలగి ఆరు దశాబ్దాలు దాటినా, ఉపాధ్యాయ శిక్షణ ఈ సంస్థలో నిరంతరాయంగా కొనసాగుతున్నది. టెక్సాస్ బడులకు అధిక సంఖ్యలో ఉపాధ్యాయులను అందించే విశ్వవిద్యాలయాలలో ఇది ఒకటి. పట్టణం ఇచ్చిన 11 ఎకరాలు, శాసనసభ మంజూరు చేసిన 25 వేల డాలర్లతో పల్లె బడుల కోసం మొదలైన సంస్థ ఒక దేశపు విద్యా శాసనాన్ని ప్రభావితం చేయడం, ఉపాధ్యాయ శిక్షణపై ప్రభుత్వం చేసే వ్యయం ఎంత దూరం ఫలిస్తుందో చెప్పడానికి నిదర్శనం.

ముఖ్య ఘట్టాలు

1899: శాన్ మార్కస్‌లో నార్మల్ స్కూలు స్థాపనకు శాసనం
1903: 303 మంది విద్యార్థులతో తరగతులు ప్రారంభం
1911: నార్మల్ స్కూళ్లకు రాష్ట్రస్థాయి పాలక మండలి, అధిపతిగా సి.ఇ. ఎవాన్స్ నియామకం
1918: నార్మల్ కాలేజీగా మార్పు
1923: టీచర్స్ కాలేజీగా మార్పు
1927-30: లిండన్ జాన్సన్ విద్యాభ్యాసం; 1928-29లో కొటులాలో ఉపాధ్యాయ ఉద్యోగం
1959: పేరులో ‘టీచర్స్’ పదం తొలగింపు
1963: కోర్టు ఉత్తర్వుతో నల్లజాతి విద్యార్థినులకు తొలి ప్రవేశం
1965: ప్రాంగణంలో ఉన్నత విద్యా చట్టంపై అధ్యక్షుని సంతకం
1969: విశ్వవిద్యాలయ హోదా
1994: శాన్ మార్కస్ ఊటల ప్రాంతం కొనుగోలు
2013: టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీగా నామకరణం